జమ్మిచెట్ల నడుమ గొలుసుల చప్పుడు

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం నడకకని మస్కట్‌లో మా పార్కుకి వెళ్ళేసరికి లోపల చెట్ల మధ్య గ్రైండర్ చప్పుడు వినిపించింది. నలుగురు పనివాళ్ళు పాత ఇనుప బుట్టల్ని మొదలు దగ్గర కోసి, ఒక్కొక్కటే మోసుకొచ్చి పికప్ వెనకాల పడుకోబెడుతున్నారు. వాటి స్థానంలో పాతడానికి తెచ్చిన కొత్తవి, కవర్లు కూడా విప్పకుండా గోడకి ఆనించి ఉన్నాయి. నేను ఫోన్లో చిన్నమ్మతో మాట్లాడుతూ పికప్ దగ్గర ఆగి, ఒక పాత బుట్ట అంచుని వేలితో తడిమాను. తుప్పు కింద వెల్డింగ్ అతుకు చేపపొలుసుల్లాగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి, వరస తప్పకుండా ఉంది. తెలిసినవాళ్ళ చేతిరాతను పోల్చుకున్నట్టు పోల్చుకున్నాను. అది మా బాపు చెయ్యి. గ్రైండర్ పట్టుకున్న మనిషి నా ఫోన్ మాటలు విన్నట్టున్నాడు. "తెలుగోళ్ళా మేడమ్? ఏం చూస్తున్రు?" అని అడిగాడు. నిజామాబాద్ దిక్కు యాస. ఇవి మా నాయన చేసినవని చెప్పాను. అతను కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని బుట్ట వంక, నా వంక చూశాడు. "గట్టిగ చేసిండు మేడమ్. పొద్దటిసంది నాలుగు బ్లేళ్ళు అరిగిపోయినయ్" అన్నాడు. బాపు పోయి ఆరేళ్ళయింది. ఆ మాట ఆయన వింటే రెండు రోజులు దాన్నే తలుచుకుని మురిసేవాడు.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. చెట్ల మధ్య బాటలుంటాయి. ప్రతి బాట చివరా ఒక ఇనుప స్తంభం, స్తంభం పైనుంచి చుట్టూ వేలాడే గొలుసులు, వాటి కింద ఒక బుట్ట ఉంటాయి. జానెడు వెడల్పు పళ్ళెం లాంటి ప్లాస్టిక్ బిళ్ళను విసురుకుంటూ, పడినచోటి నుంచి మళ్ళీ విసురుకుంటూ పోయి, చివరకు గొలుసులకు తగిలి బుట్టలో పడేలా కొట్టాలి. తొమ్మిది బుట్టల్నీ తక్కువ విసుర్లతో ముగించినవాళ్ళు గెలిచినట్టు. ఇప్పుడు ఇక్కడ సెలవురోజైన శుక్రవారాలు పిల్లలూ పెద్దలూ సంచులు తగిలించుకుని వచ్చి ఆడుతున్నారు. నేను పదో తరగతి చదివే రోజుల్లో మస్కట్ మొత్తానికి ఆ ఆట తెలిసినవాడు నాకు తెలిసి ఒక్క యాకూబ్. ఏదో చల్లని దేశానికి చదువుకోబోయి, ఆ ఆటనీ నలభై పళ్ళేలనీ వెంటబెట్టుకుని తిరిగి వచ్చిన ఒమానీ కుర్రవాడు. ఎవరెవరి చుట్టూ తిరిగి పార్కులో అనుమతి తెచ్చుకున్నాడో గానీ, ఒకరోజు చేతిలో బొమ్మ గీసిన కాగితంతో రుసైల్‌లో మా బాపు పనిచేసే వర్క్‌షాపుకి వచ్చాడు. బాపు అక్కడ వెల్డింగ్ ఫోర్మన్.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని బాపు అమ్మకి ఆ బొమ్మను చేతులతో గాలిలో గీసి చూపించడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "ఇనుపచెట్టు లెక్కుంటదే. కొమ్మలకు బదులు గొలుసులు. కింద గుల్ల. గసొంటియి తొమ్మిది కావాల్నట." అమ్మ పచ్చిపులుసు వడ్డిస్తూ, "కోళ్ళను కమ్ముతరా అండ్ల?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే బాపు ముఖం విప్పారింది. ఎందుకంటే ఆ మధ్య అమ్మ ప్రశ్నలు అడగడం మానేసింది.

అప్పుడు మేము దార్సైట్‌లో నాలుగో అంతస్తులో, లిఫ్టు లేని బిల్డింగులో ఉండేవాళ్ళం. బాపు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి పోయేవాడు. ఆయన వచ్చేసరికి ఇల్లంతా కాలిన ఇనుము వాసన. ఆయన డ్యూటీ బట్టలకు వేరే టబ్బు, వేరే సబ్బు. చొక్కా ముందు భాగమంతా నిప్పురవ్వలు చేసిన చిల్లులతో జల్లెడలాగా ఉండేది. అమ్మ వాటిని కుడుతూ కూర్చునేది, కుట్టడానికి చొక్కా మిగలని రోజు దాన్ని మసిగుడ్డ చేసేది. పొద్దున నేను స్కూలుకి పోయాక ఆమె ఏం చేసేదో నాకు చాలాకాలం తెలియదు. ఒకసారి జ్వరంతో ఇంట్లో ఉండిపోయినప్పుడు చూశాను. పని ముగించుకుని కిటికీ ముందు స్టూలు వేసుకుని, బయట కనిపించే నల్లటి బోడిగుట్టల వంక మధ్యాహ్నందాకా చూస్తూ కూర్చుంది. "ఒక్క చెట్టన్న లేదు బిడ్డా గుట్ట మీద. గిదేం గుట్ట?" అంది, నాతో కాదు, గుట్టతోనే అన్నట్టు. అమ్మ పేరు సత్తవ్వ. జగిత్యాల దగ్గరి పల్లెలో పొలం పనుల్లో పెరిగిన మనిషి. ఒమాన్ వచ్చిన మూడేళ్ళలో కింది కిరాణా కొట్టు దాటి ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. నా పరీక్షలు కాగానే నన్ను తీసుకుని ఊరికి పోయేట్టు, బాపు కంపెనీ రూమ్‌కి మారేట్టు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారని నాకు తెలుసు. ఎవరూ గొడవ పడలేదు. గొడవ పడి ఉంటే బాగుండుననిపించేంత నెమ్మదిగా ఆ ఇల్లు విడిపోవడానికి సిద్ధమవుతోంది.

బుట్టలు పాతిన వారం యాకూబ్ బాపుని కుటుంబంతో రమ్మన్నాడు. అమ్మ రానంది. "నువ్వు చేసిన వస్తువు నాకు చూపెట్టవా అని ఏ పెండ్లమైనా అడుగుతది. నువ్వు అడుగవైతివి" అన్నాడు బాపు. అమ్మ చీర మార్చుకుంది.

పార్కు వెనక భాగం అప్పట్లో అడవిలాగే ఉండేది. ఇక్కడివాళ్ళు గాఫ్ అనే చెట్లు గుంపులు గుంపులుగా, వాటి మధ్య రేగుచెట్లు, తుమ్మలు, అంచున ఎవరో నాటిన వేపలు. అమ్మ లోపలికి పది అడుగులు వేసి ఆగిపోయింది. ఒక చెట్టు కొమ్మను కిందికి వంచి ఆకు తుంచింది. నలిపి వాసన చూసింది. "ఓ పద్మా, ఇది జమ్మి గదనే!" అంది నాతో. బాపు కూడా ముందు నమ్మలేదు. ముల్లు చూశాడు, బెరడు చూశాడు. జమ్మే. దసరా నాడు ఊరి చివరకు పోయి దండం పెట్టుకుని, ఆకు తెంపుకుని, బంగారమని పెద్దల చేతుల్లో పెట్టే జమ్మి. మూడేళ్ళుగా మేము చెట్టే లేని దేశంలో ఉన్నామనుకున్నాం. అర్ధగంట దూరంలో వందల జమ్మిచెట్లున్నాయి. అమ్మ ఆ ఆకుల్ని కొంగున ముడేసుకుంది.

మొదటి బుట్ట సులువు, ఎదురుగా ఖాళీ. రెండోదానికి బాట కుడికి తిరుగుతుంది. మూడోది గట్టిది. రెండు ముసలి జమ్మిమొదళ్ళు గుమ్మంలాగా నిలబడి ఉంటాయి, వాటి నడుమ నుంచి పోనివ్వాలి. ఏ మాత్రం పక్కకు పోయినా పళ్ళెం మొదలుకి తగిలి, ముళ్ళకంపలో పడుతుంది. నేను మూడో బుట్ట దగ్గర తొమ్మిదిసార్లు విసిరాను. బాపు మూడు విసిరి, "నాకు చేసుడే అస్తది, ఆడుడు రాదు" అని బుట్ట దగ్గర కూర్చుని అతుకులు చూసుకోవడం మొదలుపెట్టాడు. యాకూబ్ మర్యాదకి అమ్మ చేతిలో కూడా ఒక పళ్ళెం పెట్టాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విడిచి విసిరింది. పళ్ళెం నేలకు జానెడు ఎత్తున పరుగెత్తినట్టు పోయి, రెండు మొదళ్ళ నడుమ దూరి, అవతల మెల్లగా పైకి లేచి, బుట్టకి పది అడుగుల ఇవతల వాలింది. యాకూబ్ పళ్ళెం పడినచోటికి పరుగెత్తాడు. బాపు మాత్రం నవ్వాడు. అమ్మ పెళ్ళికి ముందు ఏడేళ్ళు జొన్నచేలో మంచె మీద కూర్చుని, వడిసెల తిప్పి పిట్టల్ని కొట్టిన మనిషి అని ఆయనకు తెలుసు. "కొట్టేది పిట్టను కాదు, పిట్ట ముంగటి కంకిని. పిట్ట బెదిరి పోతది, సావది" అని ఆమె అప్పుడు మాకు వివరించింది. ఆ రోజు ఆమె ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది.

అలా శుక్రవారాలు మొదలయ్యాయి. ఎండ ఎక్కకముందే పోయేవాళ్ళం. చలికాలం కాబట్టి ఇసుక అరికాళ్ళకు చల్లగా తగిలేది. అమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం మూటకట్టుకుని వచ్చేది. యాకూబ్ స్నేహితులు ఆరుగురేడుగురు వచ్చేవాళ్ళు. వాళ్ళు బలంగా విసిరేవాళ్ళు, అమ్మ గురిగా విసిరేది. ఆమె పళ్ళెం గొలుసులకు తగిలిన ప్రతిసారీ జల్లుమని చప్పుడయ్యేది. బాపు ఎక్కడున్నా తలెత్తి చూసేవాడు. వారం మధ్యలో కూడా అమ్మ కిటికీ దగ్గర కూర్చోవడం తగ్గింది. ఊరికి పోయే మాట ఎవరూ ఎత్తలేదు, ఎవరూ వదల్లేదు.

ఆరో శుక్రవారమో ఏడోదో సరిగా గుర్తులేదు. ఐదో బుట్ట బాటకి పక్కగా, ఒక రేగుచెట్టు కింద ప్రతి వారం ఒక ముసలాయన చాప వేసుకుని కూర్చునేవాడు. తెల్లటి పొడుగు అంగీ, తలకి చుట్టిన శాలువా, ముందు కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల గిన్నె. మేము పోతుంటే చెయ్యెత్తి సలాం చెప్పేవాడు. ఆ రోజు అమ్మ విసిరిన పళ్ళెం ఒక జమ్మి కొమ్మ మొనకి తగిలి పక్కకు మళ్ళింది. "తాతా!" అని అమ్మ అరిచింది. ఆయన అరుపు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పాడే గానీ వస్తున్న పళ్ళేన్ని చూడలేదు. అది సరిగ్గా కుడి కంటి మీద తగిలింది.

నేను పరుగెత్తేలోగా అమ్మ అక్కడుంది. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారుతోంది. అమ్మ చాప మీద కూలబడి, కొంగుతో గాయం అదిమిపట్టి, రెండో చేత్తో ఆయన తలని తన భుజానికి ఆనించుకుంది. "తాతా, నా తండ్రీ, కండ్లు తెరువకు. జర ఓర్సుకో" అంటోంది తెలుగులోనే. బాపు వచ్చి నిలబడ్డాడు. నాకు కొంచెం వినబడేట్టు, అమ్మకి బాగా వినబడేట్టు, "వాళ్ళొస్తే నేనే ఇసిరిన్నని చెప్త. నువ్వు నోరు తెరువకు" అన్నాడు.

కారు దగ్గరి నుంచి ముసలాయన కొడుకు పరుగున వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసేవాడని తర్వాత తెలిసింది. తండ్రి అంగీ మీద నెత్తురు చూసి గట్టిగా అరిచాడు. ఎవరు కొట్టారని హిందీలో అడిగాడు. బాపు ముందుకు వచ్చి, "మైనే" అన్నాడు. అమ్మకి హిందీ రాదు గానీ ఆ మాట అర్థమైంది. కొంగు మీది నుంచి చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో తన గుండె మీద రెండుసార్లు కొట్టుకుని, "ఆయన కాదు. ఇసిరింది నేను. నేను" అంది. ఆ కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. యాకూబ్ అరబ్బీలో ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన వినలేదు. బాపు దగ్గర బతాకా, అంటే ఇక్కడ ఉండడానికి ప్రాణం లాంటి గుర్తింపు కార్డు, అడిగి తీసుకున్నాడు. "మా నాన్నకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఇదొక్కటే. డాక్టరు ఏం చెబుతాడో చూసి, పోలీసు దగ్గరికి పోవాలో వద్దో అప్పుడు చూస్తాను" అని యాకూబ్‌తో హిందీలోనే చెప్పి, తండ్రిని కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం మా ఇంట్లో ఎలా గడిచిందో రాయడం కష్టం. బాపు కార్డు లేకుండా డ్యూటీకి పోయి వచ్చేవాడు. దారిలో ఎక్కడ ఆపి అడుగుతారోనని బస్సులో మధ్య సీటులో కూర్చునేవాడట. ఇంటికి వచ్చాక తిన్నంత తిని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. అమ్మ మాత్రం పోలీసు గురించీ కార్డు గురించీ ఒక్కసారీ అడగలేదు. "ఒక్క కన్ను. ఉన్న ఒక్క కన్ను" అనుకుంటూ తిరిగేది. మూడో రోజు రాత్రి వంట చేస్తూ చేస్తూ పొయ్యి ఆపి, "నా కన్ను తీసి పెడ్తరా డాక్టర్లు? అడుగరాదు" అంది బాపుతో. బాపు ఆమెను కసరలేదు. "అడుగుత తియ్" అన్నాడు.

ఐదో రోజు యాకూబ్ వర్క్‌షాపుకి వెళ్ళి, ముసలాయన అమ్మని చూడాలంటున్నాడని చెప్పాడు. బాపు ఇంటికొచ్చి ఆ మాట అనగానే అమ్మ బియ్యప్పిండి కలిపి సర్వపిండి చేసింది. ఎందుకని నేను అడిగితే, "ఉత్త చేతులతోటి ఎట్ల పోతం?" అంది. సాయంత్రం ముగ్గురం యాకూబ్ కారులో ఆసుపత్రికి వెళ్ళాం. ముసలాయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడి కంటికి కట్టు. కొడుకు కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన పేరు నాసర్ అనీ, బహ్లా అనే ఊళ్ళో కుండలు చేసేవాడనీ అప్పుడే తెలిసింది. కుర్రతనంలో మత్రా బజారులో కూలిపని చేసి నేర్చుకున్న హిందీ ఆయనకు బాగానే వచ్చు. ఆయన చెప్పింది బాపు మాకు తెలుగులో చెప్పాడు.

"ఏడ్చేది ఎవరు? ఆ అమ్మాయా?" అన్నాడు ముందు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి చాచాడు. అమ్మ వెళ్ళి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడాయన కిటికీ వైపు ముఖం తిప్పి, కొడుకు కోసం అరబ్బీలోనూ మా కోసం హిందీలోనూ, ఒక్కో మాటా రెండుసార్లు చెప్పాడు. "నీ పళ్ళెం తగిలింది కనుబొమ్మకి, బిడ్డా. నా కంటికి కాదు. ఈ కన్ను ముందే పోతోంది. రంజాన్‌కి ముందే డాక్టరు చెప్పాడు, ఎండాకాలం దాటదని. మందు చుక్కలతో నయమవుతుందని మావాడికి నేనే అబద్ధం చెప్పాను. నువ్వు అరిచినప్పుడు పళ్ళెం వస్తున్నది నాకు కనబడలేదు. పక్కలు కనబడడం మానేసి చాలా నెలలైంది."

కొడుకు చేతులు విడిపోయాయి. అరబ్బీలో ఏదో అడిగాడు. నాకు ఆ భాష రాకపోయినా ఎందుకు చెప్పలేదని అడిగాడని అర్థమైంది. ముసలాయన నెమ్మదిగా జవాబిచ్చాడు. తర్వాత యాకూబ్ మాకు చెప్పాడు. "చెబితే నన్ను నీ ఫ్లాట్‌లో పెట్టుకుంటావు. బహ్లాలో తోటకి తాళం వేస్తావు. నాకు కన్ను పోయినా ఫర్వాలేదు, తోటలోనే పోవాలి. ఇంకా కొన్నాళ్ళు దాచిపెట్టేవాణ్ణే. కానీ నా అబద్ధానికి ఈ అమ్మాయి జైలుకి పోతుందంటే ఎలా?" అన్నాడట. కొడుకు జేబులోంచి బాపు బతాకా తీసి, వచ్చి బాపు చేతిలో పెట్టాడు. క్షమించమని అనలేదు. బాపు అతని చేతిని కాసేపు వదల్లేదు. మాకు ఆ రోజు సర్వపిండి గుర్తు రాలేదు. ముసలాయనే వాసన పట్టి, ఆ మూటలో ఏముందని అడిగాడు. ఒక ముక్క నమిలి, నువ్వులున్నాయా అని అడిగి, రెండోది తీసుకున్నాడు.

పై శుక్రవారం పార్కుకి రానని అమ్మ భీష్మించుకుంది. వెళ్ళింది కేవలం ముసలాయన కబురు పెట్టినందుకు. ఆయన కొడుకుతో వచ్చి రేగుచెట్టు కింద కూర్చున్నాడు. కట్టు తీసేశారు. వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదన్నాడు. తనను కొట్టిన పళ్ళెం ఏదీ, ఇవ్వమన్నాడు. అంచు చుట్టూ బొటనవేలు నడిపి, లోపలి వంపు తడిమి, "దీన్ని చేసినవాడికి చక్రం తిప్పడం రాదు. అంచు మందం, నడుమ పల్చన. నా దగ్గర ఇలాంటిది చేసిన కుర్రాణ్ణి మట్టి తొక్కడానికి పంపేవాణ్ణి" అన్నాడు. బాపు తెలుగు చేసి చెప్పగానే అమ్మ నవ్వింది, వారం రోజుల తర్వాత. "విసరడం నేర్పు" అన్నాడాయన. కనబడందే ఎట్లా అని బాపు సందేహిస్తుంటే, అమ్మ లేచి ఐదో బుట్ట దగ్గరికి నడిచిపోయి, గొలుసులు రెండు చేతులతో పట్టుకుని ఊపింది. జల్లుమని చప్పుడు. "తాతా! ఇటు! ఇటు ఇసురు!"

ఆయన లేచి నిలబడి, తల కొంచెం వంచి, చప్పుడు వచ్చే దిక్కు వెతుక్కున్నాడు. విసిరాడు. వేపచెట్లలో పడింది. మళ్ళీ విసిరాడు. అమ్మ ఊపుతూనే ఉంది. పళ్ళెం దగ్గరికి వస్తుంటే చివరి క్షణంలో పక్కకు తప్పుకుని, "జర ఎడమకు పోయింది తాతా!" అని అరిచేది. ఎడమ, కుడి అన్న రెండు తెలుగు మాటలు ఆయన ఆ రోజే నేర్చుకున్నాడు. ఆ తర్వాత శుక్రవారాలు మాకు ఆటంటే అదే. అమ్మ తన వంతు వదులుకుని బుట్ట బుట్టకీ ముందు నడిచేది. ఆయన మూడో బుట్ట జోలికి పోలేదు, మిగిలినవన్నీ ఆడేవాడు. కొడుకు మొదట్లో దూరంగా నిలబడి సిగరెట్లు కాల్చేవాడు. ఒక శుక్రవారం పళ్ళెం తుమ్మకంపలో పడితే, ఎవరూ చెప్పకుండానే అంగీ పైకి దోపుకుని ముళ్ళలోకి దూరి తీసుకొచ్చాడు. గొలుసులకు తగిలి బుట్టలో పడిన మొదటి విసురు నాలుగో శుక్రవారం వచ్చింది. ముసలాయనకు చప్పుడు తెలుసు గానీ, అది అమ్మ ఊపినదో తను కొట్టినదో తేల్చుకోలేక, "ఎవరు?" అని అడిగాడు. "నువ్వే తాతా, నువ్వే!" అని అమ్మ అక్కడే గెంతింది. నేను అమ్మ గెంతడం చూసింది అదొక్కసారే.

ఎండలు ముదిరే ముందు ఆయన బహ్లా వెళ్ళిపోయాడు. కొడుకే దింపి వచ్చాడు, తోటకి తాళం వెయ్యలేదు. బాపు మిగిలిన పైపులు, గొలుసులతో, వర్క్‌షాపు మేనేజరుని అడిగి, పదో బుట్ట చేశాడు. నా పరీక్షలు అయిన వారం దాన్ని పికప్‌లో వేసుకుని మేం ముగ్గురం బహ్లా పోయాం. మట్టికోట పక్కన సందుల్లోంచి తోటలోకి దారి. ఖర్జూరాల కింద నీటికాలువ పారుతోంది, మామిడి చెట్టుకి పిందెలున్నాయి. ముసలాయన భార్య తెర చాటు నుంచి ముందు మమ్మల్ని చూసి, తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. బాపు గుంత తవ్వి బుట్ట పాతాడు. అమ్మ ఒకసారి గొలుసులు ఊపి చూపించి, ఆమె చేతులు పట్టుకుని గొలుసుల మీద పెట్టింది. ఆమె సిగ్గుపడుతూ ఊపింది. ముసలాయన ఖర్జూరాల అవతలి నుంచి, "ఇది నా బిడ్డ చెయ్యి కాదే" అన్నాడు. మేం తిరిగి వచ్చేసరికి ఆమె ఎడమ, కుడి నేర్చుకుంది. ఊరి ప్రయాణం సంగతి ఆ ఏడాది మళ్ళీ రాలేదు. నేను ఇక్కడే పదకొండో తరగతిలో చేరాను.

ఇప్పటి ఆటగాళ్ళతో నేను అప్పుడప్పుడూ రెండు బుట్టలు ఆడతాను. వాళ్ళ దగ్గర దూరానికొక పళ్ళెం, దగ్గరికొక పళ్ళెం, ఎడమకు వంగేదొకటి ఉంటాయి. లెక్కలన్నీ ఫోన్లో. బాటల పక్కన ఎవరూ కూర్చోకుండా బోర్డులు పెట్టారు, అది మంచిదే. ఆ బోర్డు ఆనాడు ఉంటే నాసర్ తాత కనుబొమ్మ చీలేది కాదు. మేమూ ఆటాడి ఇంటికి పోయేవాళ్ళం. ఏది నయమో నేను చెప్పలేను. అప్పటి వారం రోజుల భయం ఎవరికీ రాకూడదు. కానీ ఒక మనిషికి ఇంత దెబ్బ తగిలించి, ఆ మనిషి ముఖంలోకే చూస్తూ కూర్చోవాల్సి వచ్చిన అమ్మ, ఆ తర్వాత ఈ దేశంలో ఎవరి ముఖంలోకైనా చూడగలిగింది. ఒంటరిగా బస్సెక్కింది. అరబ్బీలో బేరం చేసింది.

నాసర్ తాత మరో మూడు ఎండాకాలాలు బతికాడు. నేను డిగ్రీలో చేరిన ఏడాది, ఒక మిట్టమధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఆయన కొడుకు. నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. ఫోన్ చేస్తే సరిపోయేది. శుక్రవారం కాబట్టి బాపు ఇంట్లోనే ఉన్నాడు. లోపలికి వచ్చి కూర్చోలేదు. అమ్మ వంటగదిలోంచి వచ్చేదాకా నిలబడి, ఆమెతోనే చెప్పాడు. తండ్రి తెల్లవారుజామున తోటలోనే పోయాడని, ఖననం కూడా అయిపోయిందని. "మస్కట్లో అమ్మాయికి మనిషి పోయి చెప్పాలి, ఫోన్లో చెప్పొద్దు అన్నాడు. అందుకే వచ్చాను."

అమ్మ అతనికి మంచినీళ్ళిచ్చింది. తాగిన గ్లాసు తీసుకుంది. అతను మెట్లు దిగి, కింద కారు తలుపు పడిన చప్పుడు వినేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళింది. అయినవాళ్ళు పోయిన కబురు చెవిన పడితే మా ఇళ్ళల్లో కట్టుబట్టలతో తలస్నానం చేస్తారు. జూన్ నెల, డాబా మీది ట్యాంకు నుంచి ఆ వేళ వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి. "జర ఆగు, చల్లారనియ్యి" అని బాపు అనబోయి మానుకున్నాడు. లోపల చెంబు తర్వాత చెంబు నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆమె తడిచీరతో బయటికి వచ్చాక, బాపు తువ్వాలు భుజాన వేసుకుని తానూ లోపలికి వెళ్ళాడు. ఆయన తర్వాత నేను వెళ్ళాను.